రెప్ప వెంట్రుకలే కంట్లో గుచ్చుకుంటా ఉంటే - నా ఆపరేషన్ అనుభవం

ఎడమ కంట్లో ఎప్పుడూ నలుసు పడినట్టే ఉండేది, నీళ్ళు కారేవి, పొద్దున లేస్తే పుసి కట్టి రెప్ప అతుక్కుని ఉండేది. 68 ఏళ్ళొచ్చినాయి గదా, దుమ్ము పడ్డంలేదేమో అనుకున్నా. దగ్గర్లో ఒక డాక్టరు అలర్జీ అని చుక్కలిచ్చినాడు, నాలుగు నెలలు వేసుకున్నా. ఇంకో చోట వెంట్రుకలు పీకినారు, ఒక నెల హాయిగా ఉండింది, మళ్ళీ మొదలు. మా ఆయన "కొండమీద గుండు కొట్టించుకుంటే మళ్ళీ జుట్టు రాదా, ఇదీ అంతే" అన్నాడు. ఎగతాళికే అన్నా నిజమే, తప్పు వెంట్రుకది కాదు, రెప్పది.

ఆఖరికి మా పాప పాకాల నుంచి తిరుపతిలో కంటాస్పత్రికి పిల్చకపోయింది. డాక్టరమ్మ కంట్లో రంగు పెట్టి నీలం లైటులో చూస్తే నల్లగుడ్డు మీద గీతలు పడి ఉండాయంట. తర్వాత రెండు వేళ్ళతో కింది రెప్ప పట్టుకుని లాగి వదిలింది. కుడి కంటిది టక్కున పోయి అతుక్కుంది, ఎడమది మాత్రం సాగిన లాస్టిక్కు మాదిరి అట్లే నిలబడి, కన్నార్పినాక గానీ లోపలికి పోలేదు. వయసుకి పట్టు సడలి రెప్ప లోపలికి తిరగబడిందంట, పేరు ఎంట్రోపియన్ అంట.

ఆపరేషన్ చేయాలన్నారు, దాని డేటు వచ్చేదాకా రెప్పని కిందికి లాగి బుగ్గకి ప్లాస్టరు వేసుకోమన్నారు. ఈ ఎండల్లో, ఈ చెమటకి అది నిలిస్తే గదా! నేను రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ వాడతా, అది ఆపాలా వద్దా అనేది గుండె డాక్టర్ని అడిగి రమ్మన్నారు, సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పినారు.

ఆపరేషన్‌కి మత్తిచ్చి పండబెట్టరు, రెప్పకే సూది. ఆ సూది ఒక్కటే మంట, పళ్ళు కొరుక్కున్నా. ఆ తర్వాత లాగతా ఉండేది తెలస్తాంది గానీ నొప్పి లేదు. కంటి కొసన కోసి, సడలిన రెప్పని బిగించి ఎముక అంచుకి కుట్టినారంట. ముక్కాలు గంటలో బయటికొచ్చేసినా.

మర్నాడు కట్టు విప్పితే కన్ను వంకాయ రంగు. పక్కింటామె మా ఆయన వైపు అనుమానంగా చూసింది, ఆయన పాపం రెండు రోజులు వాకిట్లోకి రాలేదు. ఐసుగుడ్డ, ఆయింట్‌మెంటు, కన్ను నలపకూడదు, తలకి పోసుకోకూడదు. ఎనిమిదో రోజు కుట్లు తీసినారు, వాపు పోయేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది. నలుసు మాత్రం ఆ మొదటి రోజే పోయింది.

కొన్నేళ్ళకి మళ్ళీ సడలొచ్చు అని కూడా చెప్పింది డాక్టరమ్మ. అద్దం ముందు నిలబడినప్పుడంతా కుడి రెప్పని లాగి వదల్తా ఉంటా. ఇంకా టక్కునే పోతాంది.