ర్యాక్ పోయిందన్నారు

బాపును నెలనెలా డాక్టరుకు చూపించడానికి నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి తీసుకెళ్తాను. మొన్న ఎండాకాలంలో అలా వెళ్తున్నప్పుడే మొదటిసారి గమనించాను. అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడ మిల్లుల బియ్యం లారీ పక్కనుంచి దాటితే చాలు, కారు ఊగుతోంది. సరిచేద్దామని స్టీరింగ్ తిప్పితే మొదటి రెండు వేళ్ల మేర ఏమీ జరగదు, ఆ తర్వాతే బండి మాట వింటోంది. 31 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి బాపు. పక్క సీట్లోంచి చూసి, "స్టీరింగ్ ఆడుతుంది బిడ్డా, యాభై దాటకు" అన్నాడు.

కారు 2006 మోడల్. పవర్ స్టీరింగ్ లేదు. మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన నిలబడిన చోటి నుంచే స్టీరింగ్ రెండుసార్లు ఊపి, ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను పక్కకు తిప్పే పొడవాటి భాగం) పోయింది, మొత్తం మార్చాలి, తొమ్మిది వేలు దాటుతుంది అన్నాడు. కారును జాకీ మీద ఎత్తలేదు, కింద చూడలేదు. నాకు అదే నచ్చలేదు. ర్యాక్ మార్చాల్సి వస్తే మారుస్తాను, కానీ పోయింది అదేనని ఎవరైనా నాకు చూపించాలి కదా.

ఇంటికొచ్చి బాపుతో చెప్పాను. మోకాళ్ల నొప్పులతో ఆయన కింద కూర్చోలేడు. అందుకని ఆదివారం పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంటర్ చదివే మా అబ్బాయి స్టీరింగ్ దగ్గర, నేను ముందు చక్రం దగ్గర.

బాపు ముందుగా గాలి చూడమన్నాడు. ముందు టైర్లలో 30 ఉండాల్సింది ఒకదానిలో 22 ఉంది. గాలి తగ్గితే కూడా బండి వదులుగా తేలుతున్నట్టే ఉంటుంది. గాలి నింపించాను, అయినా స్టీరింగ్‌లో ఆట, అంటే ఆ వదులు, పోలేదు. తర్వాత ఎంత ఆడుతోందో కొలిచాం. చక్రాలు నేరుగా పెట్టి, ఇంజిన్ ఆపేసి, స్టీరింగ్ అంచున తెల్ల టేపు ముక్క అంటించి, అబ్బాయి స్కేలు పక్కన పట్టుకున్నాం. వాడు మెల్లగా తిప్పుతుంటే టైరు మీద గీసిన సుద్దగీత కదిలే క్షణం నేను చెప్పాలి. ఎడమవైపు కదిలిన చోటి నుంచి కుడివైపు కదిలే చోటి వరకు 55 మిల్లీమీటర్లు. ఇలాంటి చిన్న కార్లకు 30 లోపు ఉండాలి.

ఇక అసలు పని. స్టీరింగ్ నుంచి టైరు దాకా భాగాలు గొలుసులా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. స్టీరింగ్ నుంచి దిగే కాలమ్ రాడ్, దాన్ని కింది రాడ్‌తో కలిపే క్రాస్ జాయింటు, ఆ తర్వాత ర్యాక్, దానికి రెండు పక్కలా టై రాడ్లు, వాటి చివర చక్రానికి కలిపే జాయింట్లు, వాటినే ఎండ్లు అంటారు. పైన కదలిక ఉండి, కింద కదలిక లేని చోటే జబ్బు. మొత్తం ఒకేసారి చూడొద్దు, ఒక్కో జాయింటుకు అటూ ఇటూ చెయ్యి పెట్టి చూడాలన్నాడు బాపు.

పెడల్స్ దగ్గర కార్పెట్ ఎత్తి క్రాస్ చూశాను. పై రాడ్ తిరగ్గానే కింది రాడ్ కూడా తిరుగుతోంది, అక్కడ బాగుంది. ర్యాక్‌ను బాడీకి పట్టి ఉంచే క్లాంపుల మీద చెయ్యి పెట్టాను, ర్యాక్ మొత్తం పక్కకు జరగడం లేదు. ఎడమ టైరు ఎండు కూడా గట్టిగానే ఉంది.

కుడివైపుకొచ్చి టైరు వెనక నుంచి చెయ్యి దూర్చి ఎండును పిడికిట్లో పట్టుకున్నాను. అబ్బాయిని స్టీరింగ్ చిన్నగా అటూ ఇటూ ఊపమన్నాను. చేతిలో టక్ టక్‌మని దెబ్బ. రాడ్ జరుగుతోంది, చక్రం వైపు ఆర్మ్ మాత్రం ఒక క్షణం ఆగి, తర్వాత దాన్ని అనుసరిస్తోంది. టార్చి వేసి చూస్తే రబ్బరు బూటు చీలిపోయి ఉంది. లోపలి గ్రీసు ఎప్పుడో కారిపోయింది. మిగిలింది మన ఎర్రమట్టి కలిసి గట్టిపడిన నల్లటి ముద్ద. ఆ ముద్ద మధ్యలో ఎండు లోపలి గుండ్రటి బాల్ పైకీ కిందికీ ఎగరడం కళ్లారా చూశాను. "దొరికింది బాపూ" అని అరిచేశాను.

"ఆగు. లేపి సూడు, బేరింగ్ గూడ పోయుంటది" అన్నాడు.

ఇక్కడ అందరికీ గట్టిగా చెప్పాలి. గచ్చు మీద, సమంగా ఉన్న చోటే జాకీ పెట్టండి. గేర్ వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. స్టెప్నీని కారు కిందికి తోసి ఉంచండి. జాకీ మీద ఉన్న కారు కింద తల పెట్టకండి. నేను బయట కూర్చునే చక్రాన్ని పట్టుకున్నాను. గడియారంలో 9, 3 ఉండే చోట రెండు చేతులూ పెట్టి ఊపితే అదే టక్ శబ్దం. 12, 6 ఉండే చోట పట్టి ఊపితే ఏమీ కదల్లేదు. చక్రాన్ని కింద పట్టి ఉంచే బాల్ జాయింటు గానీ, చక్రం తిరిగే బేరింగు గానీ పోయుంటే అక్కడా ఆడేది. అప్పుడు బ్రేకు తొక్కించి చూడాలట. ఆట ఆగిపోతే బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. మాకు ఆ అవసరం రాలేదు.

ఎండు మార్చడం మాత్రం ఇంట్లో పెట్టుకోలేదు. దాన్ని ఊడదీసే పుల్లర్ నా దగ్గర లేదు, సుత్తితో కొట్టడం నాకిష్టం లేదు. మెల్లగా నడుపుకుంటూ ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లి, చెయ్యి పెట్టి చూపించాను. ఆయన మారు మాట్లాడకుండా లాక్ నట్టుకు పెయింటు గుర్తు పెట్టి, పాత ఎండు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించాడు. ఎడమది కూడా అంత పాతదే కదా అని రెండూ మార్పించాను. నట్లు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్నులు కొత్తవి వేయించి, అక్కడి నుంచి నేరుగా వీల్ అలైన్‌మెంటుకు వెళ్లాను. చుట్లు సరిపోయినా అలైన్‌మెంటు చేయించకపోతే టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి. అన్నీ కలిపి రెండు వేల లోపే అయింది.

ఇంటికొచ్చి మళ్లీ టేపు అంటించి కొలిచాం. 15 మిల్లీమీటర్లు. బాపు కుర్చీలోంచి లేచి, తలుపు పట్టుకుని మెల్లగా డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. రెండు వేళ్లతో స్టీరింగ్ అటూ ఇటూ కదిపి చూశాడు. "గురువారం నార్కట్‌పల్లికి ఇదే బండి తియ్యి" అన్నాడు.