కనెక్ట్ దగ్గర ఆగిపోయిన రాత్రి

నిరుడు ఒక రాత్రి మాదాపూర్‌లోని మా ఆఫీసులో, నేను రాసిన ప్రోగ్రాం సాకెట్ (నెట్‌వర్క్ సంభాషణకు ప్రోగ్రాం వాడే కొస) తెరిచి, దాన్ని అవతలి సర్వర్‌తో కలిపే 'కనెక్ట్' ఫంక్షన్‌ను పిలిచిన చోటే రెండు నిమిషాలకు పైగా కదలకుండా నిలిచిపోయింది. అవతలి సర్వర్ కాదని చెప్పి ఉంటే వెంటనే తెలిసేది; కానీ మధ్యలోని ఫైర్‌వాల్ మా సిన్ ప్యాకెట్లను (కనెక్షన్ కోరుతూ పంపే తొలి సందేశాలను) చప్పుడు లేకుండా పారవేస్తోంది. మా పాత లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) 1, 2, 4 సెకన్లు అంటూ వ్యవధిని రెట్టింపు చేస్తూ మరో 6 సార్లు పంపి, 127 సెకన్లకు గానీ ఆశ వదులుకోలేదు.

అందుకే ఇప్పుడు సాకెట్‌ను ముందే నాన్‌బ్లాకింగ్‌గా (పని పూర్తయ్యేదాకా ప్రోగ్రాంను ఆపనిదిగా) మార్చి, కనెక్ట్ నుంచి ఈఇన్‌ప్రోగ్రెస్ ('ఇంకా జరుగుతోంది' అనే సంకేతం) రాగానే, సాకెట్ సిద్ధమయ్యేదాకా ఎదురుచూసే 'పోల్' ఫంక్షన్‌కు 3 సెకన్ల గడువిస్తాను. చాలామంది పొరబడేది ఇక్కడే: కనెక్షన్ విఫలమైనా పోల్ 'రాయవచ్చు' అనే చెబుతుంది కనుక, సాకెట్ వివరాలు చదివే గెట్‌సాక్ఆప్ట్‌తో, అందులో నమోదైన లోపాన్ని చెప్పే ఎస్ఓ_ఎర్రర్ విలువ సున్నా అని చూసుకున్నాకే డేటా పంపాలి. గడువు దాటిన సాకెట్‌ను మూసివేసి, మళ్లీ ప్రయత్నించేందుకు కొత్తది తెరుస్తాను.