సోడియం దీపం వేడెక్కేలోగా

సంచికకు రెండు పేజీలు రాయమని మన పూర్వ విద్యార్థుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. కింద పెన్నుతో ఇంకో వాక్యం కలిపారు: "మీరెలాగూ పూర్వ విద్యార్థుల వ్యవహారాలు చూసే పనిలోనే ఉన్నారు కాబట్టి, సభ ఎలా జరిపితే పాతవాళ్లూ దాతలూ కదిలొస్తారో కూడా రాయండి." జ్ఞాపకాలు ఒకచోట, సలహాలు ఇంకోచోట రాద్దామని కూర్చున్నాను గానీ ఎంతకీ విడిపోలేదు. ఈ పనిలో నాకు తెలిసినదంతా దాదాపు ఒక్కరి దగ్గర నేర్చుకున్నదే. ఎవరో మీకు చెప్పక్కర్లేదు. మన ఫిజిక్స్ ల్యాబ్ మాస్టారు.

హాస్టల్ గురించీ, గోడ గడియారం గురించీ మిగతావాళ్లు రాస్తారు. గడియారం మీద ముగ్గురైనా రాసి ఉంటారని నా నమ్మకం. మొదటి ఏడాదిలో 'ఇంకోసారి చెప్పండి' అన్న మాట తప్ప నాకేమీ మిగల్లేదు. రెండో ఏడాది మొత్తంగా చెరిగిపోయింది. నాకు మిగిలింది చివరి ఏడాది, అందులోనూ ఒక సాయంత్రం.

ఆ ఏడు డిపార్ట్‌మెంట్ పాత విద్యార్థులందరినీ పిలవాలనుకుంది. లెన్సులు గీతలు పడి ఉన్నాయి, మైక్రోస్కోపులు వంతులవారీగా వాడుకుంటున్నాం, ఎవరైనా సాయం చేస్తే బాగుండునని అందరి మనసులోనూ ఉంది. కార్యక్రమ పత్రం మామూలుగానే తయారైంది. స్వాగతం, నివేదిక, ప్రసంగాలు, సన్మానం, జ్ఞాపికలు, వందన సమర్పణ. మాస్టారు దాన్ని పైనుంచి కిందిదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. "కూర్చోబెడితే చూసి వెళ్లిపోతారమ్మా. పని చెబితే ఉండిపోతారు" అన్నారు.

తర్వాత ఆయన చేసిన ఏర్పాటు మీ అందరికీ తెలుసు. అయినా రాస్తాను, ఎందుకంటే అప్పుడు మనం దాన్ని సరదాగా చూశాం, అందులో ఎంత ఆలోచన ఉందో నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. ల్యాబ్‌లో ఒక్కో బల్ల మీద ఒక్కో ప్రయోగం పెట్టించారు. న్యూటన్ రింగులు (లెన్సును గాజుపలక మీద పెట్టి వెలుగు పడేస్తే మైక్రోస్కోపులో కనబడే వలయాలు), స్పెక్ట్రోమీటర్, మీటర్ బ్రిడ్జి, టార్షన్ పెండ్యులం. బల్లకొక ఫైనలియర్ విద్యార్థి డిమాన్‌స్ట్రేటర్. వచ్చిన అతిథి ప్రయోగం చెయ్యాలి, రీడింగులు రాయాలి, గ్రాఫు గియ్యాలి, మనం మార్కులు వెయ్యాలి. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర మనం 'స్టాప్‌వాచ్' అని పిలిచే బ్యాచ్‌మేట్‌ని కూర్చోబెట్టి బ్యాడ్జీలు రాయించారు. పేరు కింద హోదా రాయొద్దన్నారు. ఆ రోజుల్లో వాళ్ల ల్యాబ్ పార్ట్‌నర్ ఎవరో రాయమన్నారు. వచ్చినవాళ్లు బ్యాడ్జీ చూసుకుని, వెంటనే తలెత్తి హాలంతా వెతకడం మొదలుపెట్టేవారు.

ప్రయోగాలకు కావలసిన సోడియం దీపాలు ముందే వెలిగించి ఉంచుదామని మనవాళ్లు వెళ్లబోతే ఆపారు. "వాళ్లొచ్చాక వెలిగించండి." కారణం చెప్పలేదు. సోడియం దీపం స్విచ్ వేసీ వెయ్యగానే పసుపు వెలుగివ్వదు కదా. ముందు లోపలి నియాన్ ఎర్రగా వెలుగుతుంది. గొట్టం వేడెక్కి, సోడియం ఆవిరయ్యాకే మనకు కావలసిన ఆ 589.3 నానోమీటర్ల పసుపు నిలకడగా వస్తుంది. అందుకు కొన్ని నిమిషాలు ఆగాలి. ఆ కాస్సేపూ అతిథి చేతిలో పనేమీ ఉండదు, పక్కన నిలబడ్డ విద్యార్థితో మాట్లాడటం తప్ప. ఏం చదువుతున్నావు, తర్వాత ఏం చేద్దామని, ఇంట్లో ఎవరెవరున్నారు. వేదిక మీద గంటసేపు మాట్లాడించినా బయటికి రాని మాటలు ఆ ఎర్ర వెలుగులో వచ్చేశాయి. మాస్టారికి కావలసింది ఆ నిమిషాలే.

నా బల్ల న్యూటన్ రింగులు. నాకు వచ్చిన అతిథి ఎవరో మీకు గుర్తుండే ఉంటుంది, ఆయన కారు చూడటానికి సగం మంది బయటికి పరిగెత్తారు. ఆయన చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నారు, కుర్చీ వద్దన్నారు, మైక్రోస్కోపు మీదికి వంగారు. దీపం రంగు మారేదాకా లెన్సు మీద గీతల గురించి అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. మంచి లెన్సులు రెండే ఉన్నాయనీ, పరీక్షల్లో అవి ఎవరికొస్తే వాళ్ల అదృష్టమనీ. తర్వాత రింగులు కనబడ్డాయి. "ఇవిగో!" అని ఆయన గట్టిగా అన్న మాట చివరి బల్లదాకా వినబడింది. లెక్కపెడుతూ లెక్కపెడుతూ ఒక రింగు దాటిపోయి, స్క్రూ వెనక్కి తిప్పారు. "వెనక్కి తిప్పకూడదు సార్, బ్యాక్‌లాష్ వస్తుంది, మరలో వదులు వల్ల రీడింగు తప్పుతుంది. మొదటినుంచీ ఒకవైపే తిప్పుతూ రావాలి" అన్నాను. ల్యాబ్ అంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన తలెత్తి మాస్టారి వైపు చూసి, మాట్లాడకుండా మళ్లీ మొదటి రింగు నుంచి మొదలుపెట్టారు. రింగుల వ్యాసాలు కొలిచి, వాటి వర్గాలు కట్టి, గ్రాఫు గీసి, వాలు తీసి, లెన్సు వక్రతా వ్యాసార్థం వచ్చేదాకా కదల్లేదు. నేనెన్ని మార్కులేశానో మీకందరికీ తెలుసు.

మీటర్ బ్రిడ్జి బల్ల దగ్గర ఎవరు నిలబడ్డారో, ఆ సాయంత్రం తర్వాత తన చదువు ఎలా ఆగకుండా సాగిందో నేను రాయను. అది తను చెప్పాల్సిన కథ. తను ఇవాళ ఉన్నచోటు చూసి మనందరి ఛాతీ ఉప్పొంగుతుంది, అంతవరకే రాస్తాను.

ఆ రోజు ఎవరినీ ఒక్క రూపాయి అడగలేదు. రసీదు పుస్తకాన్ని మాస్టారే బీరువాలో పెట్టి తాళం వేశారు. మూడో రోజుకల్లా మనందరి చేతా ఉత్తరాలు రాయించారు, ఎవరి అతిథికి వాళ్లం, సొంత దస్తూరీతో. ఉత్త కృతజ్ఞతలు రాస్తే చింపేశారు. అతిథికి వచ్చిన రీడింగు రాయాలి, ఎక్కడ తేడా వచ్చిందో రాయాలి, ఆ ప్రయోగం మీద మనకున్న ఒక ప్రశ్న కూడా అడగాలి. ప్రశ్న ఉంటే జవాబొస్తుంది. జవాబులు వచ్చాయి. వాటిల్లో ఒకదాని వెనకే కొత్త లెన్సుల పెట్టె వచ్చింది. ఇంకో ఏడాదికి ఉపకార వేతనం వచ్చింది, అది నేటికీ ఆగలేదు.

ఆయన గదిలో చెక్క సొరుగు గుర్తుందా? అందులో అట్ట కార్డులు. మనిషికొక కార్డు. ఏ సంవత్సరం, ఏ ప్రాజెక్టు, పార్ట్‌నర్ ఎవరు, దేనికి నవ్వేవారు, ఇప్పుడెక్కడున్నారు. ఎంత ఇచ్చారన్నది మాత్రం ఆ కార్డుల మీద ఎక్కడా ఉండదు. కలిసిన ప్రతిసారీ ఒక వాక్యం కలిపేవారు. నేను చాలాకాలం తర్వాత ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయం గురించి చదువుతుంటే ఆ సొరుగే గుర్తొచ్చింది. 1602లో ఆ గ్రంథాలయం తెరిచిన థామస్ బోడ్లీ, దానం చేసినవాళ్ల పేర్లూ వాళ్లిచ్చిన పుస్తకాల పేర్లూ ఒక పెద్ద గ్రంథంలో రాయించి, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా పెట్టించాడు. చూసినవాళ్లకు తమ పేరు కూడా అందులో ఉండాలనిపిస్తుందని ఆయన లెక్క. మాస్టారి లెక్క ఇంకొంచెం లోతైనదని నా అభిప్రాయం. తన పేరు ఎక్కడో రాసి ఉందన్న సంతోషం కంటే, తననొకరు గుర్తుపెట్టుకున్నారన్న సంతోషం మనిషిని ఎక్కువ దూరం నడిపిస్తుంది.

చదువయ్యాక నేనెక్కడెక్కడ పనిచేశానో రాస్తే అది వేరే సంచిక అవుతుంది. ఇప్పుడు ఒక విశ్వవిద్యాలయంలో పూర్వ విద్యార్థుల విభాగాన్ని నడుపుతున్నాను. పాతవాళ్లతో, దాతలతో ఏటా జరిపే కార్యక్రమాలన్నీ మా బల్ల మీదనుంచే వెళ్తాయి. లా వాళ్లకు మాదిరి కోర్టు పెట్టాం. మామూలుగా పేరున్న పాత విద్యార్థులను న్యాయమూర్తుల కుర్చీల్లో కూర్చోబెడతారు. మేం వాళ్లను వాదించమన్నాం, తీర్పు ఇప్పటి విద్యార్థులు చెప్పారు. వృక్షశాస్త్రం వాళ్లు ఆవరణలో చెట్టుచెట్టుకూ పేరుపలక కట్టారు, పాతవాడొకడు, కొత్తవాడొకడు జంటగా. లైబ్రరీలో ఒక మధ్యాహ్నమంతా చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టించాం. ఎవరు కట్టిన పుస్తకాన్ని వాళ్లే అరలో పెట్టి వెళ్లారు. దూరాన ఉన్నవాళ్లకు సభను తెర మీద చూపిస్తే కాసేపటికే మాయమవుతారు. అదే ఒక విద్యార్థికి మాదిరి ఇంటర్వ్యూ చేసిపెట్టమంటే, సమయం అయిపోయినా వదలరు. మా పద్ధతి చూసి వెళ్లడానికి వేరే విశ్వవిద్యాలయాల వాళ్లు వస్తుంటారు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే మన ల్యాబ్ పేరు చెబుతాను. చెప్పినప్పుడల్లా గర్వంగా ఉంటుంది.

మాస్టారు అనుభవంతో పట్టుకున్నదాన్ని తర్వాత పరిశోధకులు కొలిచి చూపించారు. 2007లో ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వవేత్త, తన సహచరులతో కలిసి, ఒక విశ్వవిద్యాలయం తరఫున ఫోన్లు చేసి విరాళాలు అడిగే ఉద్యోగుల మీద చేసిన ప్రయోగం ప్రచురించారు. కొందరిని ఉపకార వేతనం అందుకున్న ఒక విద్యార్థితో కాసేపు ముఖాముఖి మాట్లాడనిచ్చారు. ఇంకొందరికి విద్యార్థి రాసిన ఉత్తరం చదివే అవకాశం మాత్రమే ఇచ్చారు. నెల తర్వాత చూస్తే, మాట్లాడినవాళ్లు ఫోనులో గడిపిన సమయమూ, తెచ్చిన డబ్బూ రెండూ రెట్టింపు దాటాయి. ఉత్తరం చదివినవాళ్లలో మార్పు లేదు. అడిగేవాళ్లకే విద్యార్థి ముఖం చూడటం అంత అవసరమైతే, ఇచ్చేవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఇక మీ కార్యక్రమ పత్రం. మూడుసార్లు చదివాను, ప్రేమతోనే చెబుతున్నాను. ఉదయం ప్రసంగాల్లో ముప్పాతిక తీసెయ్యండి. మధ్యాహ్నం 'విరాళాల ప్రకటన' పూర్తిగా తీసెయ్యండి. ఎవరెంత ఇచ్చారో మైకులో చదివితే తక్కువ ఇవ్వగలిగినవాళ్లు వచ్చే ఏడు రారు. రానివాళ్లలో మనకు అత్యంత ఆప్తులుంటారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం 1890లోనే ఏటేటా చందా నిధి మొదలుపెట్టింది. ఏ కొద్దిమంది ధనవంతుల మీదో ఆధారపడకుండా, పాత విద్యార్థుల్లో ఎక్కువమంది ఏటా ఎంతో కొంత ఇవ్వడం దాని పద్ధతి. మనమూ వచ్చిన డబ్బెంతో చెప్పొద్దు. బ్యాచ్‌లో ఎంతమంది చేయి కలిపారో అది చెబుదాం.

ఒక పెద్ద దాత 'మీరెంత తెస్తే నేనంతకు మూడింతలు వేస్తాను' అంటున్నారని రాశారు. మంచి మాటే, కానీ ఆయన్ని మూడింతల దాకా లాగక్కర్లేదు. కార్లన్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు 50,000 మందికి పైగా పాత దాతలకు ఉత్తరాలు పంపి పరీక్షించారు. జత విరాళం ఉందంటే ఇచ్చేవాళ్లు పెరిగారు. అయితే రూపాయికి రూపాయి అన్నా, మూడు రూపాయలన్నా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రూపాయికి రూపాయి పెట్టించి, మిగిలినది ల్యాబ్ నిర్వహణకు విడిగా ఇమ్మనండి. పరికరం కొనడానికి దాతలు దొరుకుతారు, దాన్ని బాగుచేయించడానికి దొరకరు.

2012లో కొలంబియా విశ్వవిద్యాలయం 24 గంటల గడువు పెట్టి విరాళాలు అడిగింది. ఆ పద్ధతి ఆ తర్వాత చాలాచోట్లకు పాకింది. కుర్రవాళ్ల చిన్న చిన్న మొత్తాలకు అది బాగుంటుంది, వేరే నెలలో పెట్టుకోండి. ఊరేగింపు పెడదామన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పునస్సమాగమపు ఊరేగింపుకు ముందు 25 ఏళ్లు నిండిన బ్యాచ్ నడుస్తుంది, తర్వాత అందరికంటే పాతవాళ్లు, ఆఖరున కుర్రవాళ్లు. తమ వంతు వచ్చేదాకా దారి పొడుగునా నిలబడి ముందువాళ్లకు చప్పట్లు కొడతారు. అలా ప్రతి బ్యాచ్ ప్రతి బ్యాచ్‌నీ చూస్తుంది. మనమూ అలాగే చేద్దాం. ఊరేగింపు సభాభవనం దగ్గర కాకుండా ల్యాబ్ గుమ్మం దగ్గర ముగియాలి.

మాస్టారు వస్తానన్నారు. ఆయన్ని దయచేసి వేదిక మీద కూర్చోబెట్టకండి, బల్లల మధ్య తిరగనివ్వండి. దీపాలు ముందే వెలిగించకండి. న్యూటన్ రింగుల బల్ల దగ్గర ఈసారి డిమాన్‌స్ట్రేటర్‌గా ఇప్పటి విద్యార్థిని పెట్టండి, నన్ను అతిథిగా రాసుకోండి, మార్కులు నిర్దాక్షిణ్యంగా వెయ్యమనండి. బ్యాడ్జీల బల్ల స్టాప్‌వాచ్‌దే. సభ అయిన మూడో రోజుకల్లా ఉత్తరాలు వెళ్లిపోవాలి, దానికి మనుషుల్ని ఇప్పుడే నియమించుకోండి. మనం 'లౌడ్‌స్పీకర్' అని పిలిచే మన బ్యాచ్‌వాడికి మైకు బదులు మన బ్యాచ్ ఫోన్ల జాబితా ఇవ్వండి. ఆఫీసు ఉత్తరానికి కదలనివాళ్లు కూడా వాడు ఫోన్ చేస్తే వస్తారు. ఈ నెలలోనే మొదలుపెట్టమనండి.