రాగి కాగు టైము

అక్టోబరు, శనివారం రాత్రి

యూనివర్సిటీలో ఇవాళ యాపల్యాచా దినం, అంటే అమెరికా తూర్పు వైపు కొండల ప్రాంతపు సంస్కృతికి ఒక రోజు. అచ్చేసిన కాగితంలో కార్యక్రమం తొమ్మిదింటికని ఉంది గానీ, కాగు కింద మంట రాజేసింది ఐదున్నరకే. ఆపిల్ బటర్ కాచే రోజున తక్కినవన్నీ దాని వెనకాలే నడవాలి. పేరు చూసి వెన్న వెతకొద్దు, చుక్క కూడా ఉండదు. ఆపిల్ గుజ్జును ముదురు గోధుమరంగుకు తిరిగేదాకా కాచి దగ్గరపరచడమే.

కాగు 40 గ్యాలన్లది, అంటే దాదాపు 150 లీటర్లు. పళ్లు నాలుగు బుషెళ్లు, రమారమి 80 కిలోలు. చెక్కు తీసి ముక్కలు కోయడం నిన్న సాయంత్రమే అయిపోయింది. కాగును మాత్రం నిన్న తోమి పెట్టుకుంటే లాభం లేదు. పొయ్యెక్కించే ముందే ఉప్పూ వెనిగరూ వేసి తోమి కడగాలి, లేకపోతే రాగి మీద పట్టిన చిలుమంతా పళ్ల పులుపులోకి దిగుతుంది. అడుగున కాస్త ఆపిల్ రసం పోసి, ముక్కలు విడతలుగా వేస్తారు. మనిషి మంటకు ఎడంగా నిలబడేలా తెడ్డుకు పొడుగాటి పిడి. అంచు వెంట రెండు చుట్లు, మధ్యగా ఒక గీత, ఇదీ కలిపే పద్ధతి. అంచు వెంటే తిప్పుతూ పోతే మధ్యలో అడుగంటుతుంది. చక్కెర చివరి గంటన్నరలోనే వెయ్యాలి. తొందరపడితే మాడుతుంది, ఆ మాడు వాసన కాగు మొత్తానికీ పడుతుంది. దాల్చినచెక్క, లవంగం దించబోయే ముందు.

తొమ్మిదింటికి మైకులో స్వాగతం. పలికినవారు 'యాపలేషా' అనగానే ముందు వరస పెద్దవాళ్ల మొహాలు మారిపోయాయి. దక్షిణ, మధ్య కొండల్లో అది 'యాపల్యాచా', ఊనిక 'ల్యాచ్' మీద. ఉత్తరాన పెన్సిల్వేనియా వైపు 'లే' వినిపిస్తుంది, అక్కడ అది తప్పు కాదు. ప్రభుత్వ లెక్కలో ఈ ప్రాంతం న్యూయార్క్ నుంచి మిసిసిపీ దాకా 13 రాష్ట్రాలు, 423 కౌంటీలు. మొత్తంగా లోపలున్న రాష్ట్రం వెస్ట్ వర్జీనియా ఒక్కటే. ఇంత నేలకు ఒకే పలుకుబడి ఎక్కడి నుంచి వస్తుంది? సభ ఏ ఊళ్లో జరుగుతోందో ఆ ఊరి పలుకు పలికితే చాలు.

డల్సిమర్ తరగతి పదింటికి. ఒళ్లో పెట్టుకుని వాయించే సన్నటి పెట్టె, మూడు తీగలు. పాట ఒక తీగ మీద, మిగతా రెండూ తంబురాలాగా శృతి పడుతూ ఉంటాయి. పాశ్చాత్య స్వరాల పేర్లలో చెప్తే పాత పద్ధతి శృతి డి-ఏ-ఏ, ఇప్పుడు ఎక్కువగా నేర్పేది డి-ఏ-డి. తరగతి మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే పాట తీగను 'ఏ' నుంచి పై 'డి'కి లాగాలి, పాత తీగలు టప్పున తెగేది అక్కడే. సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి ఉంటే ఇంకా అన్యాయం: మొదటిదాంట్లో స్వరం మూడో మెట్టు దగ్గర మొదలవుతుంది, రెండోదాంట్లో ఖాళీ తీగ మీదే. ఒకే శృతి ముందే చెప్పి, చలిలోంచి తెచ్చిన వాయిద్యాలను గదిలో అరగంట ఉంచి అప్పుడు బిగించుకోవాలి.

స్వరానికో ఆకారం గుర్తుగా రాసే ఆకారాల స్వరలిపి పాటకు కుర్చీలు శ్రోతల వైపు తిప్పి వేశారు. అవన్నీ మళ్లీ చతురస్రంగా వేసేసరికి పావుగంట పోయింది. ఇది వినిపించే పాట కాదు, పాడుకునే పాట. నాలుగు గొంతులవాళ్లూ నాలుగు వైపులా లోపలికి తిరిగి కూర్చుంటారు, నడిపించే మనిషి నడిమధ్య. త్రికోణం ఫా, గుండ్రన సోల్, చదరం లా, వజ్రం మి. మొదట ఆ అక్షరాలతో ఒకసారి, తర్వాతే సాహిత్యంతో. మన గీతాలకు స్వరం పాడి సాహిత్యం అందుకున్నట్టే.

బొంతల గది కాగు పొగకు దూరంగా, వెలుతురు 50 లక్స్ దాటకుండా. క్లిప్పులు పెడితే బరువంతా ఆ రెండు చోట్లే పడి గుడ్డ చిరుగుతుంది. పైఅంచు పొడవునా వెనకవైపు గొట్టంలా గుడ్డ కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీశారు.

రచయితల బల్ల మీద హారియట్ ఆర్నో 'ది డాల్‌మేకర్' (1954) పెట్టడం బాగుంది. యుద్ధకాలంలో కెంటకీ కొండల నుంచి డెట్రాయిట్ ఫ్యాక్టరీల నీడకు చేరిన కుటుంబం కథ. కొండ సాహిత్యమంటే కొండల్లో జరిగినదే అనుకునేవాళ్లకు మంచి జవాబు. పోస్టరు మీద మాత్రం బాంజో అనే తీగల వాయిద్యం, బల్ల మీద ఒక్క నల్లజాతి కవీ లేడు. బాంజో మూలం ఆఫ్రికాది, బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లో ఇక్కడ రూపు కట్టింది. ఈ లోటును చూసే కదా నల్లజాతి కవి ఫ్రాంక్ ఎక్స్ వాకర్ 1991లో ఆఫ్రికానూ ఈ కొండల పేరునూ కలిపి 'ఆఫ్రిలాచియా' అన్న మాట కట్టింది. మధ్యాహ్నానికి ఆయన కవితల పుస్తకం లైబ్రరీ నుంచి వచ్చింది. ఈ కొండల ఆదివాసులైన చెరోకీల అక్షరాల పట్టిక పక్కన దానికి చోటు చేశారు. సెక్వోయా 1821లో పూర్తిచేసిన లిపి అది, పలుకుకో అక్షరం.

పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసే గదిలో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలు. ఫ్యాను ఆపాలి. అనుమతి పత్రం మీద సంతకం అదే రోజు తీసుకోవాలి. రికార్డుకు మూడు ప్రతులు తీసి, ఒకటైనా వేరే ఊళ్లో ఉంచాలి: 2022 జులై వరదకు కెంటకీలోని వైట్స్‌బర్గ్‌లో ఆపల్‌షాప్ అనే కళల సంస్థ భాండాగారంలోని టేపులు, ఫిల్ములు బురదపాలయ్యాయి.

రుచి చూపించడం రెండింటికని కాగితం. రెండింటికి సాసర్ మీద వేసి చూస్తే గుజ్జు చుట్టూ నీళ్ల అంచు కట్టింది, అంటే ఇంకా దగ్గరపడలేదు. మూడింటికీ అంతే. నాలుగుంబావుకు అంచు ఆగింది. దించగానే వేడిమీదే సీసాలకెత్తారు, మూతి దగ్గర పావు అంగుళం వదిలి. చల్లారేదాకా అందులోనే ఉంచితే రాగి రుచి దిగుతుంది.

కడిగేటప్పుడు కాగు అడుగున, సరిగ్గా మధ్యలో, అరచెయ్యంత నల్లమచ్చ. భోజనాల వేళ తెడ్డు చేతులు మారినప్పుడు మధ్యగీత మరిచిపోయారన్నమాట.