ఉప్పు మడుగులో డయాటమ్‌ల లెక్క: నా అనుభవం

డయాటమ్‌లు నీటిలో బతికే ఏకకణ శైవలాలు. వాటిని గుర్తుపట్టేది వాటి సిలికా కవచం మీది గీతలను బట్టి. సముద్రానికి దూరంగా, నేల నడుమ ఉండే ఉప్పు మడుగుల్లో ఆ గీతలు కనబడనివ్వని మొదటి అడ్డంకి ఉప్పే.

బురద మీది గోధుమరంగు పొర, మునిగిన కాడల మీది జిగురు, విడి నీరు వేరువేరు సీసాల్లో తీసుకున్నాను. నీటి విద్యుత్ వాహకత, పీహెచ్ అక్కడే కొలిచాను. సముద్రంలో సోడియం క్లోరైడ్‌దే పైచేయి. ఇలాంటి మడుగుల్లో ఒకచోట సల్ఫేట్లు, మరోచోట కార్బొనేట్లు ఎక్కువ. ఉప్పదనం సమానంగా ఉన్నా లవణం మారితే జాతులూ మారతాయి.

కవచాలను శుద్ధి చేసే ఆమ్లం వేయకముందే ఒక చుక్క తాజాగా చూడటం తప్పనిసరి అంటాను. లోపల గోధుమరంగు హరితరేణువులు ఉన్నవే అక్కడ బతుకుతున్నవి. ఖాళీ కవచాలు ఏ మంచినీటి వాగులోనో పుట్టి కొట్టుకొచ్చి ఉండవచ్చు. శుద్ధి చేశాక ఈ తేడా చెరిగిపోతుంది.

కార్బొనేట్లు కరగడానికి ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తరువాత సేంద్రియ పదార్థం పోవడానికి వేడి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడాను. సల్ఫ్యూరిక్ ఆమ్లం జోలికి పోలేదు. కాల్షియంతో కలిస్తే జిప్సం సూదులు ఏర్పడి స్లైడును కప్పేస్తాయి. ఆపైన కడగడం. కవచాలు అడుక్కి దిగేవరకు ఆగి, పైనీరు వంచి, స్వేదనజలం పోయడం, మళ్లీ ఆగడం. తొందరపడితే నిట్జ్‌షియా అనే సన్నని డయాటమ్‌లు వంచిన నీటితోనే పోతాయి. అందుకే ఆ నీటిని కూడా సూక్ష్మదర్శిని కింద చూసేవాణ్ణి. క్లోరైడ్ మిగిలి ఉంటే సిల్వర్ నైట్రేట్ చుక్కతో నీరు తెల్లబడుతుంది. ఆ చుక్క వేస్తే పాలలా తెల్లబడటం మానేవరకు కడిగాను.

సిలికా వక్రీభవన గుణకం సుమారు 1.43, గాజుది 1.52. గాజుకు దగ్గరి గుణకం ఉన్న మామూలు జిగురులో కవచం సరిగా కనబడదు కాబట్టి దాదాపు 1.7 ఉన్న నాఫ్రాక్స్ అనే రెసిన్‌లో అమర్చాను.

వెయ్యి రెట్ల వృద్ధిలో 400 కవాటాలు (కవచంలోని రెండు సగాల్లో ఒక్కోటి ఒక కవాటం) లెక్కించడం వాడుక. లెక్కలో ఎక్కువ భాగాన్ని ఒకే చిన్న నిట్జ్‌షియా ఆక్రమించింది. విభజన జరిగేకొద్దీ డయాటమ్‌ల పరిమాణం తగ్గుతుంది. పొడవును నమ్మలేక 10 మైక్రోమీటర్లకు ఎన్ని గీతలున్నాయో లెక్కించాను. 400 పూర్తయ్యాక స్లైడులో మిగిలిన భాగమంతా వెతికినప్పుడే గుర్రపు జీనులా వంగిన కాంపిలోడిస్కస్, అనోమియోనిస్ అనే డయాటమ్‌లు కనబడ్డాయి. నా దృష్టిలో వైవిధ్యం తెలిసేది ఈ వెతుకులాటలోనే.

కాడల మీది జాబితా, బురద జాబితా ఒకదానితో ఒకటి కలవలేదు. వాటిని కలిపేయకుండా విడివిడిగానే నమోదు చేశాను. క్షారత ఎక్కువైతే, ముఖ్యంగా పీహెచ్ 9 దాటితే, సిలికా త్వరగా కరుగుతుంది. అందుకని ప్రతి జాబితా పక్కన పీహెచ్ విలువ, అంచులు అరిగిన కవాటాల సంఖ్య కూడా రాశాను.