ఉపహృతమా, అపహృతమా?

మొన్న క్షీరాబ్ది ద్వాదశి తెల్లవారుజామున మా వీధి చివర ఉసిరి చెట్టును చూస్తే కడుపు తరుక్కుపోయింది. చేయి అందినంత మేరా ఒక్క కొమ్మ మిగల్లేదు. కత్తితో కోసినా కొంత నయం. పట్టి గుంజేశారు, బెరడు చీలికలై వేలాడుతోంది. సాయంత్రానికి ప్రతి తులసికోటలోనూ ఒక ఉసిరి కొమ్మ, చుట్టూ దీపాలు. ఆ కొమ్మే విష్ణువని, తులసితో స్వామికి పెళ్లి చేశాం!

మా కోటలోనూ ఉంది. మా అబ్బాయి తెచ్చాడు. ఎక్కడిదిరా అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

హారతిచ్చి గీతలోని ‘పత్రం పుష్పం ఫలం తోయం’ మొదలుపెట్టాను. మూడో పాదంలో ‘భక్త్యుపహృతమ్’ దగ్గర గొంతు ఆగిపోయింది. ఈ శ్లోకాన్ని మనం మన వీలుకే వాడుకుంటాం. ఆకు చాలన్నాడు, నీళ్లు చాలన్నాడు, ఇంకేం అంటాం. అవి ఎలా రావాలో చెప్పిన మాట మీద ఆగం. ‘హృ’ ధాతువు ఒకటే. ‘ఉప’ చేరితే దగ్గరకు తెచ్చి సమర్పించింది, ‘అప’ చేరితే ఎత్తుకొచ్చింది. ఒక్క అచ్చు తేడా. ‘అశ్నామి’, ఆరగిస్తాను అన్నాడు స్వామి, ఉపహృతాన్ని. అదీ ‘ప్రయతాత్మనః’, మనసు అదుపులో ఉన్నవాడి చేతి నుంచి. ఆ పొద్దున కొమ్మ విరిచిన చేతుల్లో ఏ చేయి అదుపులో ఉంది?

పైగా విరిచింది ఎవరిని? ఉసిరికి ధాత్రి అని పేరు. పాలిచ్చి పెంచే దాదీ ధాత్రే, మోసే నేలా ధాత్రే. అమరకోశం ఈ మూడింటినీ ఒక్క మాట కిందే చెప్పింది. తల్లి చేయి మెలిపెట్టి తెచ్చి పెళ్లిపీట మీద పెట్టామన్నమాట.

మా అమ్మమ్మ కొమ్మ కోసే పద్ధతి వేరు. ఏకాదశి నాడు పొద్దు వాలకముందే చెట్టు మొదట్లో చెంబెడు నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెట్టి, “రేపు పెళ్లికి రావాలమ్మా, ఒక్క రెమ్మ చాలు” అని పిలిచి వచ్చేది. దీపాలు పెట్టాక చెట్టును ముట్టనిచ్చేది కాదు, నిద్రపోతుందని. మర్నాడు కోసిన చోట తడిమట్టి మెత్తేది. మాకు నవ్వొచ్చేది. ఆవిడకు గీత రాదు, ‘ఉపహృతం’ అన్న మాటా తెలియదు.

వనభోజనాల గురించి ఎక్కువ చెప్పను, నోరు పాడవుతుంది. కులానికొక తోట, మైకులు, చెట్టుకు మేకులు కొట్టి ఫ్లెక్సీలు. ధాత్రి ఒడిలో కూర్చుని ఎవరి పిల్లలు వాళ్లు వేరే పంక్తి వేసుకుంటే ఆ తల్లికి ముద్ద దిగుతుందా?

ఆ సోమవారం భీమవరం గునుపూడి వెళ్లాం, పంచారామాల్లో సోమారామం. పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకు నల్లగా కనిపించే లింగాన్ని చూడటానికే అందరి తొందరా. మెట్లెక్కి పై అంతస్తులో అన్నపూర్ణమ్మ దగ్గర నిలబడేవాళ్లు తక్కువ. కింద సోమేశ్వరుడు, ఆయన తల మీది అంతస్తులో అన్నం పెట్టే తల్లి. చిన్నప్పటి నుంచీ చూస్తున్న గుడే. ఆమె పైనే ఎందుకుందో ఆ రోజు నా మటుకు నాకు తోచింది.

దిగుతూ మావాడితో అమ్మమ్మ సంగతి చెప్పాను. కాసేపాగి, “నేనూ గుంజానమ్మా” అన్నాడు.

దయచేసి వచ్చే ద్వాదశికి కొమ్మ విరవకండి. ఇప్పుడే కుండీలో ఉసిరి మొక్క వేసుకుని, ఆ రోజు కుండీతో సహా తులసి పక్కన కూర్చోబెట్టండి. పెళ్లికొడుకును ముక్క చేసి తేవడమెందుకు, నిండుగా రానివ్వండి. అదీ కుదరకపోతే చెట్టు కింద రాలిన కాయ ఒకటి కళ్లకద్దుకుని పెట్టండి. భిక్షకు వచ్చిన ఆదిశంకరులకు ఒక పేదరాలు వేసింది ఒక్క ఉసిరికాయే కదా.

మేమూ ఒకటి వేశాం, జానెడుంది. నీళ్లు మావాడే పోస్తున్నాడు. ఆదివారం మాత్రం లేవడు, నేను పోస్తాను.