వీఆర్‌లో నడకకి నేల టెక్స్చరే ఆధారం

బెంగళూరు మారతహళ్లి వైపు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) పనిలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట: నేలను ఉత్త బూడిదరంగుతో వదిలేయకండి, టెక్స్చర్ (గీతలు, మచ్చల్లాంటి ఉపరితల నమూనా) వేయండి.

నడుస్తుంటే ఎదుటి దృశ్యం ఒక బిందువు నుంచి చుట్టూ విచ్చుకుంటుంది. ఆ బిందువే మనం వెళ్తున్న దిక్కు. 2001లో బ్రౌన్ యూనివర్సిటీలో విలియం వారెన్ బృందం వీఆర్‌లో ఆ బిందువుని 10 డిగ్రీలు పక్కకి జరిపి మనుషుల్ని ఒక గమ్యం వైపు నడిపించింది. గమ్యం తప్ప ఇంకేమీ లేనప్పుడు అది కనబడ్డ వైపే అడుగేశారు, దారి వంపు తిరిగింది. నేలకీ గోడలకీ టెక్స్చర్ చేర్చేకొద్దీ తిన్నగా నడిచారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది!

మీరూ చేసి చూడాలంటే తల ఎటు, ఎంత జరిగిందో చెప్పే వెక్టర్‌ని మాత్రమే నిలువు అక్షం చుట్టూ 10 డిగ్రీలు తిప్పండి. తల తిరుగుడు జోలికి పోవద్దు. దాన్నీ తిప్పితే గమ్యమే పక్కకి జరిగిపోయి, దృశ్యం విచ్చుకోవడమా, గమ్యం కనబడ్డ వైపా, ఏ సూచన పనిచేసిందో తేలదు. అడుగడుక్కీ తల పక్కలకి ఊగుతుంది కాబట్టి, కుడి ఎడమ అడుగులు రెండూ కలిపి సగటు తీశాకే దిక్కు లెక్కకట్టాలి.